‘మీరు మూడో రకం’ అన్నారు, నవ్వుకున్నాను. ఆదివారం దాకా

చుక్కలముగ్గు · ఆదివారం, రాత్రి 10.42

ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మొదటి టపానే పెద్దదవుతోంది, ఓపిక చేసుకోండి.

పోయిన నెల మా ఆఫీసులో రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఎన్నియాగ్రామ్ అట. మనుషులు తొమ్మిది రకాలు, ప్రశ్నలకు జవాబులు రాస్తే మనం ఏ రకమో తేలుతుందన్నారు. నాకు మూడో రకం వచ్చింది. దాన్ని తెలుగులో ‘సాధకుడు’ అని చెప్పాడు శిక్షణ ఇచ్చినతను. చేతిలోకి తీసుకున్న పని పూర్తయ్యేదాకా నిద్రపోరు, గెలుపంటే ప్రాణం, నలుగురిలో మంచి పేరు ఉండాలి. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుకున్నాను. నిజం చెప్పాలంటే, తొమ్మిదింటిలో ఇదే ఫస్టు ర్యాంకు కాబోలు అనుకున్నాను.

నాకు 38 ఏళ్లు. విజయవాడలో పెరిగాను, ఇప్పుడు హైదరాబాద్‌లో సేల్స్ విభాగంలో ఉన్నాను. పదో తరగతిలో ర్యాంకు వచ్చినప్పుడు పేపర్లో పడిన నా ఫొటోకు నాన్నగారు లామినేషన్ చేయించి హాల్లో తగిలించారు. ఇప్పటికీ అక్కడే ఉంది. అందులో నా ముఖం వెలిసిపోయింది కానీ ర్యాంకు అంకె మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక అసలు సంగతి. మా పాపకు తొమ్మిదేళ్లు, బొమ్మలు వేస్తుంది. ఈ రోజు దుప్పటి మారుద్దామని పరుపు ఎత్తితే కింద డ్రాయింగ్ కాగితాలు కనిపించాయి. 23 ఉన్నాయి (లెక్కపెట్టాను, అలవాటు). ఫ్రిజ్ మీద అంటించినవన్నీ స్టార్ వచ్చిన బొమ్మలే. పరుపు కింద ఉన్నవాటిలో ఒక్కదానికీ స్టార్ లేదు. కొన్నిటి మీద టీచరు ‘గుడ్’ అని రాశారు, అయినా అవీ పరుపు కిందే. ఎందుకు దాచావమ్మా అంటే, ‘అవి గెలవలేదు కదమ్మా’ అంది. హోంవర్కు అయిపోయింది అన్నంత మామూలుగా అంది.

నేను పాపను ఏనాడూ కొట్టలేదు, గట్టిగా కసిరింది కూడా లేదు. బొమ్మ తెచ్చి చూపిస్తే ‘ఎన్నో ప్రైజు?’ అని అడిగేదాన్ని, అంతే.

నా ప్రశ్న ఇది. ఈ మూడో రకంలో మంచిదీ చెడ్డదీ అని రెండుంటాయా? ఉంటే గీత ఎక్కడ?


తొమ్మిదిగీతలు · ఆదివారం, రాత్రి 11.15

ముగ్గు గారూ, తొమ్మిదింటిలో ఫస్టు ర్యాంకు అంటూ ఏమీ లేదు. ఈ రకాలను ఒక వృత్తం చుట్టూ గుర్తిస్తారు, ఆ అంకెలు దాని మీద చోటును చెబుతాయి, అంతకు మించి అర్థం లేదు. కానీ అలా అనుకునేది మూడో రకం వాళ్లే కాబట్టి మీ ఫలితం సరిగానే వచ్చినట్టుంది.

ఈ పద్ధతిలో 2, 3, 4 రకాలను హృదయ కేంద్రం అంటారు. ముగ్గురినీ లోపల తొలిచేది సిగ్గు. ఉన్నదున్నట్టు కనిపిస్తే ఎవరికీ నచ్చనేమో అన్న జంకు. రెండో రకం వాళ్లు సాయాలు చేసి దాన్ని కప్పుకుంటారు. నాలుగో రకం వాళ్లు ‘నేను అందరిలాంటి మనిషిని కాను’ అనుకుని కప్పుకుంటారు. మూడో రకం వాళ్లు గెలిచి కప్పుకుంటారు. విచిత్రం ఏమిటంటే, హృదయ కేంద్రానికి నట్టనడుమ ఉన్న మూడో రకానికే తన మనసులో ఏముందో అందరికంటే తక్కువ తెలుస్తుంది. ‘ఎలా ఉన్నావు?’ అని అడిగి చూడండి, ‘ఏం చేస్తున్నావు?’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతారు.

మంచీ చెడూ అన్నారు కదా, దానికి ఈ పద్ధతి మీద పుస్తకాలు రాసిన డాన్ రీసో 1977లో మెట్ల లెక్క ఒకటి తెచ్చాడు. తర్వాత రస్ హడ్సన్‌తో కలిసి దాన్ని పెంచాడు. ప్రతి రకంలోనూ తొమ్మిది మెట్లు ఉంటాయి. పై మూడు ఆరోగ్యం, మధ్య మూడు మామూలు, కింది మూడు అనారోగ్యం. పై మెట్ల మీద ఉన్న మూడో రకం మనిషి పనిలో నిజంగా దిట్ట. తన లోపాల మీద తానే జోకులు వేసుకుంటాడు, పక్కవాళ్లను కూడా పైకి లాగుతాడు. మధ్య మెట్లలోకి దిగేసరికి పోలికలు మొదలవుతాయి. పని ఎలా ఉందన్నదాని కంటే ఎలా కనిపిస్తోందన్నది ముఖ్యమవుతుంది. ఇంకా దిగితే, లేని గెలుపును ఉన్నట్టు చూపించడం.

ఈ రకానికి మూల దోషం ‘మోసం’ అంటారు. ఊళ్లోవాళ్లను ముంచడం అని కాదు. వేసుకున్న వేషమే తాను అని ముందు తనే నమ్మేయడం.

ఒత్తిడిలో మూడో రకం తొమ్మిదివైపు జారుతుందనీ, ఎదిగేటప్పుడు ఆరువైపు వెళుతుందనీ కూడా చెబుతారు. అంటే బాగా నలిగిపోయినప్పుడు ఈ పరుగులరాణులే సోఫాలో కూలబడి, ఏమీ పట్టనట్టు గంటల తరబడి ఫోను చూస్తూ ఉండిపోతారు. కుదుటపడినప్పుడు నలుగురితో కలిసి, తన పేరు రాకపోయినా సరే అన్నట్టు పనిచేస్తారు.


సందేహాలరావు · సోమవారం, ఉదయం 6.50

ఎవరూ అనరు కాబట్టి నేనే అంటాను. ఇది ప్యాంటు చొక్కా వేసుకున్న జాతకం.

ఎన్నియాగ్రామ్ రకాలను బొలీవియాలో పుట్టిన ఆస్కార్ ఇచాజో నేర్పాడు. 1970లో చిలీలోని అరీకాకు వెళ్లి ఆయన దగ్గర నేర్చుకున్న క్లాడియో నరాన్హో అనే మానసిక వైద్యుడు దాన్ని అమెరికాకు చేర్చాడు. పుట్టుకే ఆధ్యాత్మిక బోధ. ప్రయోగశాలలో పుట్టింది కాదు, తర్వాత కూడా దానికి గట్టి రుజువులేమీ సమకూరలేదు. కంపెనీలకు మాత్రం బాగా నచ్చింది. ఎందుకు నచ్చదు? ఉద్యోగి నలిగిపోతే పని ఎక్కువై కాదు, అతను మూడో రకం కావడం వల్ల!

ఇంతకంటే శాస్త్రీయంగా కనిపించినదాని గతి కూడా చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అని ఇద్దరు గుండె డాక్టర్లు ఉండేవాళ్లు. వాళ్ల క్లినిక్‌లో కుర్చీలు బాగుచేయడానికి వచ్చినతను సీట్ల ముందు అంచు మాత్రమే అరిగిపోయి ఉండటం చూసి ఆశ్చర్యపోయాడని చెబుతారు. రోగులు అంచు మీదే కూర్చునేవాళ్లన్నమాట, ఎప్పుడు లేచి పోదామా అని. తర్వాత ఆ డాక్టర్లు 1959లో ‘టైప్ ఏ’ మనుషుల గురించి ప్రకటించారు. ఎప్పుడూ తొందర, పోటీ, గెలవాలన్న యావ. వీళ్లకు గుండెజబ్బు ఎక్కువన్నారు. ప్రపంచమంతా నమ్మింది. పొగాకు కంపెనీలు ఆ పరిశోధనలకు డబ్బు కూడా పోశాయి, తప్పు సిగరెట్టుది కాదు స్వభావానిది అయితే వాళ్లకు ఎంత హాయి! చివరికి తేలినదేమిటంటే, పరుగూ తొందరా అంత ప్రమాదం కాదు, అందులో ఉన్న పగ, ఎదుటివాడి మీద కోపం, అవీ గుండెకు చేటు.

ముగ్గు గారూ, మీ పాప గురించి అయితే ఈ వృత్తాల కంటే పనికొచ్చే సంగతి ఒకటుంది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. కొందరిని ‘నువ్వు తెలివైనవాడివి’ అని మెచ్చుకున్నారు, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అన్నారు. తర్వాత కష్టమైన పజిళ్లు ఇచ్చి, మీకు ఎన్ని వచ్చాయో వేరే బడి పిల్లలకు రాయమన్నారు. తెలివైనవాళ్లని మెప్పు పొందినవాళ్లలో దాదాపు 40 శాతం మంది మార్కులు పెంచి రాశారు. ముక్కూ ముఖం తెలియని పిల్లలకు! పరుపు కిందికి కాగితాలు ఎలా వెళతాయో అర్థం కావడానికి మూడో రకం అక్కర్లేదండీ.


బామ్మకబుర్లు · సోమవారం, ఉదయం 9.20

అబ్బాయిలూ, మీ అంకెల గొడవ నాకు అర్థం కాదు గానీ ఆ ‘సాధకుడు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మన భాషలో సాధకుడు అంటే సాధన చేసేవాడు. పొద్దున్నే లేచి తంబురా పట్టుకుని ఒకే వర్ణం ఆరు నెలలు పాడేవాడు. వినేవాడు ఉన్నా లేకపోయినా పాడతాడు. మీరు చెప్పేవాడు సాధించేవాడు. ఆ ఇద్దరూ ఒకటి కాదు.

ఇంకోటి కూడా ఉంది. ‘మా అత్తగారు నన్ను సాధిస్తోంది’ అంటాం చూడండి, అదీ ఆ ధాతువే. సాధన, సాధించడం, సాధింపు. ఒకే చెట్టుకు మూడు కాయలు. మొదటిది తీపి, చివరిది చేదు, నడిమిది పండేదాన్ని బట్టి ఉంటుంది.

నేను ముప్పై ఏళ్లు సంగీతం చెప్పాను. పిల్లలు రెండు రకాలు (నాకు తొమ్మిది అక్కర్లేదు, రెండు చాలు). పాట తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాళ్లు కొందరు. తప్పు పోగానే నా ముఖం చూసేవాళ్లు కొందరు. రెండో వాళ్లకే ప్రైజులు ఎక్కువ వచ్చేవి. పెళ్లిళ్లయ్యాక పాట మానేసిందీ వాళ్లే.

అమ్మాయీ, నువ్వు పాపతో ఏమన్నావో రాయలేదు.


తొమ్మిదిగీతలు · సోమవారం, ఉదయం 10.05

బామ్మగారికి నమస్కారం. మీకు తెలియకుండానే మెట్ల లెక్కలో చిట్టచివరిది చెప్పేశారు. మూడో రకం అట్టడుగుకు వెళితే మిగిలేది కక్షే అంటారు. తన ఓటమిని గుర్తుచేసే మనిషిని చూస్తే చాలు, వాణ్ని కూల్చాలనిపిస్తుంది. దాన్ని తెలుగులో ఏమనాలా అని ఇన్నాళ్లూ వెతుక్కుంటున్నాను. సాధింపు!

రావుగారికి: రుజువుల విషయంలో మీతో పేచీ లేదు. నేను దీన్ని అద్దంలా వాడతాను, ఎక్స్‌రేలా కాదు. కానీ మీరే చెప్పిన గుండె డాక్టర్ల కథలో కూడా తేలింది అదే కదా. పరుగు కాదు, పగ.


సందేహాలరావు · సోమవారం, ఉదయం 10.31

అద్దం అయితే సరే. రెండు రోజుల అద్దానికి కంపెనీ ఎంత కట్టిందో మాత్రం ముగ్గు గారు కనుక్కుని చెప్పాలి.


ఖాళీసంచి · సోమవారం, రాత్రి 11.58

వేరే పేరుతో ఇక్కడ ఉన్న సభ్యుణ్నే. ఈ ఒక్క టపా కోసం కొత్త ఖాతా తెరిచాను, నిర్వాహకులు మన్నించాలి.

నాకు 31. ఇంజినీరింగ్‌లో కాలేజీ టాపర్. మా బంధువుల్లో ఎవరి పిల్లవాడు సరిగా చదవకపోయినా నా పేరు చెప్పి తిట్టేవాళ్లు. రెండేళ్ల కిందట ఉద్యోగం పోయింది. నా ఒక్కడిదే కాదు, మా బృందంలో సగం మందిది పోయింది. మిగతావాళ్లు ఆ సాయంత్రమే ఇళ్లలో చెప్పుకున్నారు. నేను చెప్పలేదు. వారంలో ఇంకోటి దొరుకుతుంది కదా, దొరికాక చెబుదామనుకున్నాను.

ఏడు నెలలు దొరకలేదు. ఏడు నెలలూ పొద్దున ఎనిమిదిన్నరకు అమ్మ కట్టిన క్యారేజీ పట్టుకుని, బ్యాగు తగిలించుకుని బయలుదేరేవాణ్ని. చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్ల మధ్య కూర్చునేవాణ్ని. వాళ్లు నన్ను కూడా అభ్యర్థే అనుకునేవాళ్లు. ఒకబ్బాయి రోజూ నాకు కుర్చీ ఆపి ఉంచేవాడు. అతనితో కూడా నిజం చెప్పలేదు, గ్రూప్-2కి చదువుతున్నానన్నాను. ఇంట్లో ఒక అబద్ధం, అక్కడ ఒక అబద్ధం.

ఇది చదివే మీకు నవ్వు రావచ్చు: అయిదో నెలలో నాకు ప్రమోషన్ వచ్చిందని ఇంట్లో చెప్పాను. లేని ఉద్యోగంలో ప్రమోషన్! ఎవరూ అడగలేదు. మా బాబాయి కొడుక్కి వచ్చిందని ఫోనులో విన్నాను, నోటి నుంచి దానంతట అదే వచ్చేసింది. క్రెడిట్ కార్డు మీద కిలో కాజూ కత్లీ కొని పంచాను. ఆ రోజు నాన్న ముఖంలో వెలుగు చూసి, నమ్మండి, నాకు నిజంగా ప్రమోషన్ వచ్చినంత సంతోషం కలిగింది. గీతలు గారు పైన రాసిన ‘ముందు తనే నమ్మేయడం’ అన్న ముక్క దగ్గర చదవడం ఆపి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

చివరకు అమ్మే అడిగింది. ఒక ఆదివారం బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, ‘ఉద్యోగం ఎప్పుడు పోయిందిరా?’ అంది. రెండో నెలలోనే తెలుసట. ఇల్లు ఊడుస్తూ బ్యాగు పక్కకు జరపబోతే తేలిగ్గా లేచి వచ్చిందట. ల్యాప్‌టాప్ కంపెనీకి ఇచ్చేశాను కదా. ఆ తర్వాత నేను రోజూ ఆ ఖాళీ బ్యాగు తగిలించుకుని వెళుతుంటే గుమ్మంలో నిలబడి చూసేదట.

ఇప్పుడు చిన్న కంపెనీలో చేస్తున్నాను, జీతం మునుపటిలో మూడింట రెండు వంతులు. నాన్నకు ప్రమోషన్ సంగతి ఇప్పటికీ తెలియదు. అది ఎలా చెప్పాలో నాకింకా తెలియలేదు.


నిర్వాహకులు · మంగళవారం, ఉదయం 7.10

ఖాళీసంచి గారి కొత్త ఖాతాను ఉంచుతున్నాము. పాత పేరు మాకు తెలిసినా చెప్పము.

చదివేవాళ్లలో ఎవరైనా ఇలాంటి చోట చిక్కుకుని, నిద్ర పట్టక, బతుకు మీద విసుగు పుట్టేదాకా వస్తే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.


పాతఖాతాలు · మంగళవారం, మధ్యాహ్నం 1.40

పాతికేళ్లుగా ఆడిట్ పని. ఖాళీసంచి గారిది చదివాక ఒకటి గుర్తొచ్చింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ మా వృత్తిలో ఉన్న ప్రతివాడూ చదివి ఉంటాడు. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. అంకె కంటే నాకు గుర్తుండిపోయింది వేరు. అసలు లాభానికీ చూపిన లాభానికీ తేడా మొదట కొద్దిగానే ఉండేదనీ, ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందనీ రాశారు. దిగితే తినేస్తుందని తెలిసి పులి మీద స్వారీ చేసినట్టుందన్నారు. అంతకు కొద్ది నెలల ముందే ఆ కంపెనీకి మంచి పరిపాలనకు అవార్డు కూడా వచ్చింది.

మా దగ్గరకు వచ్చే చిన్న చిన్న లెక్కల్లోనూ చూస్తుంటాను. మొదటి ఏడాది ‘ఈ ఒక్కసారికి’ అంటారు. రెండో ఏడాది మొదటి ఏడాదిని కాపాడుకోవాలి కదా!


సందేహాలరావు · మంగళవారం, మధ్యాహ్నం 2.15

లేఖ ఒకటి చదివి మనిషికి అంకె వేసేయకండి. అది కోర్టులో తేలిన నేరం, స్వభావ విశ్లేషణ కాదు. అలాగే ఖాళీసంచి గారిని ఆ కథ పక్కన నిలబెట్టడం అన్యాయం. ఈయన కిలో స్వీట్లు పంచాడు, అంతే.


పాతఖాతాలు · మంగళవారం, మధ్యాహ్నం 2.22

ఒప్పుకుంటున్నాను. ఖాళీసంచి గారూ, క్షమించండి. మీ లెక్కలో తేడా ఒక్క ప్రమోషనే, నాన్నగారు అంత కఠినమైన ఆడిటరు అయి ఉండరు.


డాలస్‌నుంచి · మంగళవారం, రాత్రి 8.30

అందరూ కలిసి ర్యాంకును ఉతికి ఆరేస్తున్నారు. కాస్త ఆగండి.

మా నాన్న కౌలు రైతు. మా ఇంట్లో ర్యాంకు గోడకు తగిలించుకునే సోకు కాదు, బయటికి దారి. ఎంసెట్‌లో ఆ అంకె రాకపోతే నేనూ ఆ పొలంలోనే ఉండేవాణ్ని, మా చెల్లెలి చదువు పదితో ఆగిపోయేది. ‘ఫలితం ముఖ్యం కాదు, సాధన ముఖ్యం’ అని చెప్పడానికి ముందు కడుపు నిండి ఉండాలి. ఒడ్డుకు చేరినవాళ్లు ఈతగాడికి హాయిగా ఈదమని సలహా ఇచ్చినట్టుంది.

ఇక్కడ మనవాళ్ల పార్టీల్లో ఇల్లు ఎన్ని చదరపు అడుగులు, పిల్లవాడు ఏ కాలేజీ అని అడుగుతారు, నిజమే. నాకూ విసుగే. కానీ ఆ ప్రశ్న అడిగేవాళ్లలో సగం మంది నాలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఎంత దూరం వచ్చామో కొలుచుకోవడానికి వాళ్ల దగ్గర వేరే కర్ర లేదు.


బామ్మకబుర్లు · మంగళవారం, రాత్రి 9.05

బాగా అన్నావు నాయనా. ఆకలి ఉన్నప్పుడు పరిగెత్తడం రోగం కాదు. భోజనం అయ్యాక కూడా విస్తరి ముందు నుంచి లేవలేకపోతేనే చూసుకోవాలి. నీకు ఇప్పుడు అరుగుతోందా లేదా అన్నది నువ్వే చెప్పాలి.


డాలస్‌నుంచి · మంగళవారం, రాత్రి 9.40

అరగడం లేదు బామ్మగారూ. అది వేరే టపాలో రాస్తాను.


కాకినాడకాజా · బుధవారం, ఉదయం 5.45

ఈ చర్చలో మా ఊరికి వాటా ఉందని ఎవరికీ తెలిసినట్టు లేదు. నేను ఎంబీఏ చదివేటప్పుడు పాఠంలో ‘కాకినాడ ప్రయోగం’ అని చూసి, అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు, మా కాకినాడే.

డేవిడ్ మెక్లెలాండ్ అని హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త. సాధించాలన్న కోరిక పుట్టుకతో వచ్చేది కాదు, పెద్దయ్యాక కూడా నేర్పవచ్చని ఆయన వాదం. అది తేల్చడానికి 1964లో కాకినాడ నుంచి చిన్న వ్యాపారులను హైదరాబాద్ తీసుకెళ్లి సియెట్ సంస్థలో ఉంచి శిక్షణ ఇచ్చారు. యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ ఉంది చూడండి, సియెట్‌కు ఇప్పుడున్న పేరు అదే. బొమ్మలు చూపించి కథలు రాయించేవాళ్లు, తమకు తాము లక్ష్యాలు పెట్టుకోమనేవాళ్లు. తర్వాత లెక్క తీస్తే, శిక్షణ పొందనివాళ్ల కంటే వీళ్లు వ్యాపారంలో చురుకుదనం ఎక్కువ చూపించారని తేలింది. మన కులాలూ ఆచారాలూ అడ్డుపడతాయన్న అనుమానం కూడా నిలబడలేదు.

ముగ్గు గారి ‘గీత ఎక్కడ’ అన్న ప్రశ్నకు ఆయన ఆట ఒకటి పనికొస్తుంది. నేల మీద మేకు, చేతిలో రింగులు, ఎక్కడ నిలబడి విసురుతావో నీ ఇష్టం. సాధించే కోరిక బలంగా ఉన్నవాళ్లు నడిమి దూరం ఎంచుకుంటారు. పడొచ్చు, పడకపోవచ్చు, పడితే అది తన చేతి చలువ. ఓటమికి జడిసేవాళ్లు మరీ దగ్గరికి పోతారు, తప్పడానికే వీలుండదు. లేదా మరీ దూరం పోతారు, అక్కడి నుంచి పడకపోయినా ఎవరూ నవ్వరు. మెక్లెలాండ్ లెక్కలో సాధించాలనే కోరిక అంటే చప్పట్ల కోరిక కాదు. నిన్నటి కంటే ఈ రోజు బాగా చేశానా అన్నది తెలుసుకోవాలనే కుతూహలం.

మా అబ్బాయిని ఒక కోచింగ్‌లో చేర్చినప్పుడు ఈ రింగుల ఆట బాగా గుర్తొచ్చింది. అక్కడ పిల్లలందరినీ ఒకే దూరంలో నిలబెట్టారు.


నల్లగుర్రం · బుధవారం, మధ్యాహ్నం 12.30

చదరంగం నేర్పుతాను, నాకు తెలిసింది అదొక్కటే. ఆరోగ్యంగా గెలిచే మనిషిని చూడాలంటే కోనేరు హంపిని చూడండి.

2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. తల్లి అయ్యే సమయంలో 2016 నుంచి రెండేళ్లు ఆటకు దూరం. తిరిగి వచ్చి 2019 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మళ్లీ ఆ టైటిలే. ఆ టోర్నీలో మొదటి గేమ్ ఓడిపోయింది. పదకొండు రౌండ్ల పోటీలో మొదటి రౌండే! చివరికి 8.5 పాయింట్లతో గెలిచింది. 2025 జులైలో జార్జియా దేశంలోని బటూమీలో ప్రపంచ కప్ ఫైనల్లో సగం వయసున్న దివ్య దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది. ఆట మాత్రం ఆపలేదు.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో మొదటి గేమ్ పోగానే కడుపునొప్పి వచ్చేవాళ్లు ప్రతి టోర్నీలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నొప్పి నిజమైనదే, నటన కాదు. హాలు బయట తల్లిదండ్రులు నిలబడి ఉంటారు. పిల్లలు తలుపు తీసుకుని వచ్చేటప్పుడు నేను వాళ్ల కళ్లు ఎటు తిరుగుతాయో చూస్తాను. ఎవరికీ చెప్పకండి గానీ, రేటింగ్ కంటే నాకు అదే ఎక్కువ చెబుతుంది.


చుక్కలముగ్గు · శనివారం, రాత్రి 9.15

ప్రతి ఒక్కరికీ వరుసలో విడివిడిగా జవాబులు రాయాలని కూర్చున్నాను, పట్టిక కూడా వేసుకున్నాను. తర్వాత పట్టిక చూసి నాకే నవ్వొచ్చి మూసేశాను.

రావుగారూ, కంపెనీ ఎంత కట్టిందో చెప్పడం లేదు వాళ్లు. ఖాళీసంచి గారూ, మీ టపా మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనకుండా, తర్వాత లేచి వెళ్లి వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశారు. ఎందుకో నేనింకా అడగలేదు.

మా నాన్నగారికి నేనూ చేశాను. ఆ లామినేషన్ ఫొటో తీసేయకూడదా అన్నాను. ‘తీస్తే గోడ మీద మరక ఉంటుందమ్మా, సున్నం వేయించాలి’ అన్నారు. అంతటితో వదిలేశాను.

బామ్మగారూ, పాపతో ఏమన్నావని అడిగారు. ఆ రోజు ఏమీ అనలేదు, గొంతు పెగల్లేదు. గురువారం త్వరగా వచ్చి, నాకూ బొమ్మలు నేర్పమని నేల మీద దాని పక్కన కూర్చున్నాను. ఏనుగు వేయమంది. వేశాను. ప్రెషర్ కుక్కర్‌కు కాళ్లు మొలిచినట్టు వచ్చింది. పాప వెక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత చాలా గంభీరంగా పెన్సిల్ తీసుకుని మూలన ‘గుడ్’ అని రాసింది.

‘స్టార్ ఇవ్వవా?’ అన్నాను.

అనేశాక గానీ నా చెవులకు వినపడలేదు. పాప మాత్రం ఏమీ గమనించలేదు. ‘తొండం బాగా వచ్చి ఉంటే ఇచ్చేదాన్నమ్మా’ అంది.


బామ్మకబుర్లు · శనివారం, రాత్రి 9.32

ఆ ఏనుగును ఇక్కడ పెట్టు, మేమూ చూస్తాం.


చుక్కలముగ్గు · శనివారం, రాత్రి 10.20

ఫొటో తీశాను బామ్మగారూ. నాలుగు తీశాను. నాలుగోది తొండం పడకుండా తీశానని చూసుకుని అన్నీ చెరిపేశాను. రేపు పగటి వెలుగులో మళ్లీ తీస్తాను, తొండంతో సహా.


బామ్మకబుర్లు · శనివారం, రాత్రి 10.24

పగటి వెలుగు ఎందుకు? ఇప్పుడే తియ్యి.